నేను తాగుబోతు వేషం కట్టిన పూట

1979 ఆగస్టులో నన్ను గుడివాడ నుంచి బందరులోని ఒక ఆసుపత్రికి పంపారు. హోదా సిస్టర్ ట్యూటర్, అంటే నర్సులకు పాఠం చెప్పే నర్సు. జనం మీదపడితే ఏం చేయాలో క్యాజువాలిటీ నర్సులకు నేర్పడం అక్కడ నా పని. పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, పడవల మీద దెబ్బలు తిన్నవాళ్లు ముందుగా చేరే గది క్యాజువాలిటీ. మేం మందు వేయాల్సిన మనిషి కంటే, మందు వేసుకుని వెంట వచ్చిన మనిషితోనే అక్కడ బెడద. కట్లు కట్టడంలో నాకు పేరుండేది గానీ కట్టడి చేయడం బొత్తిగా చేతకాదు. నా గొంతుకు మా ఇంట్లో పిల్లి కూడా జడిసేది కాదు. అయినా ఉత్తర్వు వచ్చాక, రానిది నేర్పడం కూడా ఉద్యోగమే.

అసలు కారణం విజయలక్ష్మి అనే స్టాఫ్ నర్సు. అవనిగడ్డ వైపు పిల్ల. ఎంత సన్నని నరమైనా ఆమె వేలికి దొరికిపోయేది. అంతకు నెల ముందు క్యాజువాలిటీలోనే ఒక రోగి బావమరిది ఆమెను గోడకేసి నెట్టాడు. అప్పటి నుంచి ఆమె ఆ గది గుమ్మం తొక్కలేదు. "ఉద్యోగమే మానేస్తానంటోందండీ. అంత మంచి చెయ్యిని పోగొట్టుకోలేను" అన్నారు మేట్రన్ గారు.

పాఠం సులువుగానే సాగింది. వెనక్కి దారి ఉంచుకుని నిలబడాలి. కత్తెరలు, ట్రేలు ఎవరికీ అందనివ్వకూడదు. కోపంగా ఉన్నవాడితో ఒంటరిగా మాట్లాడకూడదు. రోగి దగ్గర ఒక్కరినే ఉంచి, తక్కినవాళ్లను బయటకు పంపేయాలి. ఈ చివరి నియమం పుస్తకంలో బాగుండేది. మా వైపు రోగి వెంట వీధి వీధంతా వస్తుంది. బయటకు పొమ్మంటే లోపల ఏదో దాస్తున్నామనుకుంటుంది. విజయను నెట్టింది కూడా ఆ మాటకే.

తర్వాత అభినయం. కూచిపూడి పక్క ఊళ్లో పుట్టానని తాగుబోతు వేషం నాకే అంటగట్టారు. తూలడానికి తాళం అక్కర్లేదు కదా అని ఒప్పుకున్నాను. తెల్లచీర మీద లుంగీ చుట్టి, తలకు తువ్వాలు కట్టి క్యాజువాలిటీలోకి దూరాను. విజయ వరండాలోనే నిలబడి చూస్తానంది.

"మా బావను సంపేశారే! ఒక్కొక్కరి సంగతీ తేలుస్తా!" అని అరిచాను. జన్మలో మొదటిసారి నా గొంతు పనిచేసింది.

మరీ బాగా పనిచేసింది. పడవ మోకులో చెయ్యి నలిగిన మనిషిని తీసుకొచ్చి, గిలకలదిండి రేవు జనం వరండాలో కాచుకుని ఉన్నారు. ఒక్క ఊపున లోపలికి వచ్చిపడ్డారు. అందరికంటే ముందు చేపలమ్మే సుబ్బమ్మ. నా తువ్వాలు దొరకబుచ్చుకుంది.

"ఏరా సచ్చినోడా! పొద్దున్నే పూటుగా ఏసుకొచ్చి ఆడకూతుళ్ల మీద పడతావా? మా వోడికి కట్టు కట్టిన తల్లులురా ఈళ్లు!"

"అమ్మా, నేను ట్యూటర్నమ్మా!"

"నువ్వెవుడివైతే నాకేంట్రా!" అని రెండో చేత్తో చెవి పట్టుకుంది.

వెనక్కి దారి లేదు, ట్రేలన్నీ జనానికి అందుబాటులో ఉన్నాయి. చెప్పిన నియమాలన్నీ నేనే తప్పాను. వెనకవాళ్లు ఏం జరుగుతోందో కనబడక ముందువాళ్లను తోస్తున్నారు. తక్కిన నర్సులు గోడలకు అతుక్కుపోయారు. అప్పుడు విజయ జనాన్ని తప్పించుకుంటూ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. వస్తూనే స్టూలు లాగింది.

"అత్తా, ముందు నువ్వు కూర్చో. ఈవిడ మా పంతులమ్మ. తాగినోళ్లొస్తే ఏం చెయ్యాలో నేర్పడానికి వేషం కట్టింది."

సుబ్బమ్మ నా మొహంలోకి తొంగిచూసి, చెవి వదిలి, కూర్చుంది. ఆమె కూర్చోగానే తోపులాట ఆగింది. "నాటకమంటర్రా!" అని ఆమె చెబితే గది గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా విజయ నవ్వింది.

నవ్వాక సుబ్బమ్మ అడిగింది: "మరి మా వోడి సంగతేంటమ్మా? ఎవురూ ఏం చెప్పరే?"

"ఎక్స్‌రే తీశారత్తా. డాక్టరుగారు చూడాలి. భోజనాల వేళకి నేనే వచ్చి నీకు చెబుతా. నువ్వు వీళ్లందరికీ చెప్పు."

వాళ్లు డెబ్బై ఏడు ఉప్పెన చూసిన జనం. కబురు తెలియకపోవడం కంటే వాళ్లకు పెద్ద భయం లేదు. మాట అందాక వాళ్లంతట వాళ్లే వరండాలోకి వెళ్లారు. భోజనాల వేళకు విజయ వెళ్లి, ఎముక విరగలేదని చెప్పింది. మర్నాడు క్యాజువాలిటీ డ్యూటీ తనే అడిగి వేయించుకుంది. సుబ్బమ్మ నాకు రొయ్యలు పంపింది. చెవికి పరిహారమట!

ఆ తర్వాత నా పాఠంలో చివరి నియమం మారింది, రిటైరయ్యేదాకా అదే చెప్పాను. జనంలో పెద్ద ఎవరో కనిపెట్టి కూర్చోబెట్టాలి. రోగి సంగతి ఆ పెద్దకు చెప్పాలి. మళ్లీ ఎప్పుడు చెబుతామో కూడా చెప్పాలి. ఆ వేళకు కొత్త కబురేమీ లేకపోయినా వెళ్లి, లేదని చెప్పాలి.