ముంత బయటికొచ్చేదాకా

2023, వానాకాలం. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ చెక్ దగ్గర నాది ట్రేల పని. యూనిఫాం చూసి జనం పోలీసనుకుంటారు, కాదు. ప్రయాణికుల సామాను ప్లాస్టిక్ ట్రేలలో పెట్టించి, ఎక్స్‌రే మిషన్‌లోకి వెళ్లే బెల్టు మీదికి ఎక్కించాలి. కార్వాన్ బస్తీలో మా ఇంటి నుంచి పొద్దున్నే స్టాఫ్ బస్సెక్కి వస్తాను. ఇక రోజంతా నా నోట అవే మాటలు: ఫోన్ తీయండి, నడుం బెల్టు తీయండి, నీళ్ల సీసా ఖాళీ చేయండి. ఇంటికొచ్చాక మా ఆయన జేబులు కూడా ఖాళీ చేయిస్తానని మా అత్త నవ్వుతుంది.

పిల్లలతో వచ్చేవాళ్లను చూస్తే నాకు జాలీ, కోపం రెండూ వస్తాయి. పిల్లల కంటే పెద్దవాళ్లదే ఎక్కువ లొల్లి. బిడ్డ పాలసీసా పారేయమని ఎవరూ అనరు, విడిగా తీసి చూపిస్తే చాలు. తోసుకెళ్లే బండిని మడిచి బెల్టు మీద పెట్టాలి. చంకబిడ్డను ఎత్తుకునే మెటల్ డిటెక్టర్, అంటే లోహముంటే కూతపెట్టే ఆ తలుపులేని గుమ్మం, దాటొచ్చు. అసలు చిక్కంతా బొమ్మలతోనే. చేతిలో ఉన్న ఎలుగుబంటిని లాక్కుని మిషన్‌లో వేస్తే ఏ బిడ్డ ఊరుకుంటుంది? అందుకు నా దగ్గర ఒక మాట తయారుగా ఉండేది: "బొమ్మకు ఫోటో తీస్తరమ్మా, అంతే." ఎంత మొండి పిల్లలైనా ఆ మాటకు చల్లబడేవాళ్లు.

ఆ రోజు వచ్చినతని పేరు యాదగిరి. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు అమ్ముతాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. భుజాన నెలల పిల్లవాడు నిద్రపోతున్నాడు. పక్కన ఐదేళ్ల పాప, పేరు మల్లిక. పాప రెండు చేతులతో ఒక చిన్న మట్టి ముంతను పొట్టకు ఆనించి పట్టుకుంది. ముంత మూతికి తెల్లగుడ్డ కట్టి ఉంది, చుట్టూ చామంతుల దండ.

చూడగానే నాకు అర్థమైంది. కాశీ విమానం ఉన్న పూట ఇలాంటి ముంతలు వస్తూనే ఉంటాయి. అస్థికలను చేతిలో తీసుకెళ్లొచ్చు. కాగితాలు చూపించాలి, ముంతను ఎక్స్‌రేలో పెట్టాలి. యాదగిరి కాగితాలన్నీ సరిగ్గానే తెచ్చాడు. నేను ట్రే ముందుకు జరిపితే మాత్రం కదల్లేదు.

"అక్కా, దీన్ల అందరు చెప్పులు పెడుతుండ్రు. ఆమెను దీన్ల ఎట్ల పెట్టాలె?"

మా మామ పోయినప్పుడు ముంతను నేల తాకనివ్వలేదు మేము, వేపకొమ్మకు వేలాడదీశాం. అలాంటిది చెప్పులు పెట్టే ట్రేలో ఎవరు పెడతారు?

"నీ తువ్వాల ఇయ్యి అన్నా," అన్నాను. అతని భుజం మీది తువ్వాలను మడిచి ట్రేలో పరిచాను. అతను కళ్లు తుడుచుకుని తలూపాడు.

ఇక పాప చేతుల్లోంచి తీసుకోవాలి. వంగి, అలవాటైన మాటే అన్నాను. "ఫోటో తీస్తరు బిడ్డా, అంతే. ఇటియ్యి."

మల్లిక వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ఏడుపు లేదు, అరుపు లేదు.

"దవాఖానల గూడ గట్లనే అన్నరు. ఫోటో తీస్తం, నువ్వు ఈడ కూసో అన్నరు. అమ్మ మల్ల రాలే."

నేను యాదగిరి వైపు చూశాను. అతను నేల చూస్తూ చెప్పాడు. "చిన్నోడు పుట్టినంక తల నొప్పి అని పడ్డదక్కా. స్కానింగ్ కాడికి తీస్కపోయిండ్రు. పాప ఆ తలుపు కాడనే కూసున్నది. లోపల్నే పానం పోయింది. ముంతల అమ్మున్నదని నేనే చెప్పిన. అప్పటి సంది ఇడుస్తలేదు."

వెనక లైనులో ఎవరో విసుక్కుంటున్నారు. ఒకాయన గడియారం చూపించాడు. "పక్క లైన్ల పోండి సార్," అన్నాను, కాస్త గట్టిగానే. ముంత మిషన్‌లోకి పోకపోతే వాళ్లు విమానం ఎక్కలేరు. లాక్కుంటే ఆ పిల్ల తల్లిని రెండోసారి పోగొట్టుకుంటుంది.

తల్లిని తలుపు ఇవతల కూర్చుని పోగొట్టుకుంది కదా ఈ పిల్ల, అవతల నిలబెడితేనో అనిపించింది. ఆడవాళ్లను తనిఖీ చేసే మేడంకు సంగతి చెప్పాను. ఉత్తరాది మనిషి, నవ్వడం నేనెన్నడూ చూడలేదు. పాపను ఒకసారి చూసి, "బచ్చీ కో ఇధర్ భేజో," అని, పాపను ఇటు పంపమన్నట్టు చెయ్యి చాపింది.

"మల్లికా, నువ్వు ముందుగాల అటు దిక్కు పో. ముంత బాపు చేతులుంటది. నువ్వు ఆడ నిలబడి రమ్మంటెనే లోపల పెడత. సరేనా?"

చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత ముంతను తండ్రికిచ్చి గుమ్మం దాటింది. అవతల బెల్టు చివర మునివేళ్ల మీద నిలబడి, "పెట్టు," అంది.

యాదగిరి ముంతను తువ్వాల మీద పెట్టాడు. ట్రే లోపలికి పోయింది. బెల్టు ఆగింది. స్క్రీన్ చూసే ఆయన తెర మీది ముంత బొమ్మను నిదానంగా చూస్తున్నాడు, అది ఆయన పని. రోజూ ఆగే బెల్టే అది. ఆ పూట మాత్రం నేను దాని మీంచి చూపు తిప్పలేదు. మల్లిక మిషన్ నోటికి వేలాడే నల్ల పట్టీలనే చూస్తోంది. మేడం ఆమె చెయ్యి వదల్లేదు.

బెల్టు కదిలింది. ముందు చామంతులు కనిపించాయి, తర్వాత ముంత.

"అమ్మా, వచ్చినవా," అంది మల్లిక. రెండు చేతులూ ముంత మీద వేసి, చెంప ఆనించింది.

ఆ మేడం మొహం పక్కకు తిప్పుకుంది. నేనైతే ఏడ్చేశాను, దాచుకోలేదు. యాదగిరి కొడుకును ఎత్తుకుని గుమ్మం దాటి వచ్చాడు. నేను పాప దగ్గరికి వెళ్లి తల నిమిరాను.

"వచ్చేటప్పుడు గూడ నువ్వే ఉండు ఆంటీ," అంది. "అమ్మను నువ్వే పెట్టాలె."

యాదగిరే ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. "వచ్చేటప్పుడు అమ్మ మనతోని రాదు బిడ్డా. గంగలనే ఉంటది."

మల్లిక తండ్రిని చూసింది, ముంతను చూసింది. తర్వాత ముంతను రెండు చేతులతో ఎత్తి నా వైపు చాపింది.

"అయితే ఇంకోసారి మిషన్ల పెట్టు. మల్లొస్తది గద."

యాదగిరి ట్రేలోంచి తువ్వాల తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ల విమానానికి పిలుపు వచ్చింది. పాప ముంతను మళ్లీ పొట్టకు ఆనించుకుంది, వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి ఏ బిడ్డకూ ఫోటో తీస్తారని చెప్పడం మానేశాను. పిల్లలతో వచ్చేవాళ్లకు చెప్పేదొక్కటే: బిడ్డ చేతిలోది లాక్కోకండి, బిడ్డను ముందు అవతలికి పంపండి, వస్తువు బయటికొచ్చే చోటు చూపించండి. బయటికొస్తుందని నేను మాటివ్వగలిగేది ఈ ఒక్క మిషన్ గురించే. బొమ్మ ఉన్న ట్రే లోపలికి పోయాక, అది అవతల తేలేదాకా నేను రెండో ట్రే ముట్టుకోను.