రెండు చోట్ల నిలబడిన అత్త

మా తెలుగు క్రైస్తవ మందిరంలో వేదికకు కుడివైపు గోడ మీద ఒక పొడవాటి ఫొటో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు దాని ముందు ఆగి మెచ్చుకుంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే మందిరం గుమ్మం మీది తెలుగు అక్షరాలతో పాటు వెనక సంత్రాగాఛి రైల్వే యార్డులో నిలిచిన గూడ్సు పెట్టెల మీది నంబర్లు కూడా చదవొచ్చు. తీసింది నేనే. ఆ గోడ పక్కన కూర్చోవడం మానేసి చాలా ఏళ్లయింది.

సంఘం పుట్టి యాభై ఏళ్లు నిండాయని జూబిలీ తలపెట్టిన రోజులవి. బెంగాల్లో ఎర్రజెండా ప్రభుత్వం ఇంకా ఉంది కానీ, ఇక ఎన్నాళ్లుంటుందోనని టీ కొట్ల దగ్గర బాహాటంగానే అనుకుంటున్నారు. నేను హౌరాలోని షాలిమార్ స్టేషన్లో రైల్వే గుమాస్తాని. సెలవు రోజుల్లో డిజిటల్ కెమేరా పట్టుకుని హౌరా బ్రిడ్జినీ గంగ ఒడ్డునీ ముక్కలు ముక్కలుగా తీసి, కంప్యూటర్లో ఒకే పెద్ద ఫొటోగా అతికేవాణ్ణి. కెమేరాని స్టాండు మీద ఎడమ నుంచి కుడికి కొద్దికొద్దిగా తిప్పుతూ, ఒక ముక్క అంచు పక్క ముక్క మీదికి ఎక్కేలా వరసగా తీయాలి. మనిషి కంటికి ఒక్క చూపులో అందనిదంతా అందులో పడుతుంది. దూరమూ దగ్గరా తేడా లేకుండా, గడ్డిపరక కూడా మసకబారకుండా చూసే చూపు దేవుడిదొక్కటే అని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నాను. ఆ చూపుకి ఇది ఒక చిన్న నీడ అనుకునేవాణ్ణి. ప్రార్థన చేసుకోకుండా ఎప్పుడూ కెమేరా తెరిచింది లేదు.

"మందిరమూ, విశ్వాసులూ, కాలనీ అంతా ఒక్క ఫొటోలో రావాలి బ్రదర్," అన్నారు సంఘ పెద్ద. ఆయన రైల్వేలో పెద్ద హోదాలో పనిచేసి రిటైరైనవారు.

ఈ సంగతి మా పెద్దత్త చెవిన పడింది. ఆమె మా నాన్న అక్క. మందిరానికి ఎడమపక్క, మురిక్కాలవ దాటాక, పట్టాల వెంబడి ఉన్న పాకల్లో ఆమెది మొదటిది. శ్రీకాకుళం నుంచి కూలికి వచ్చిన మావాళ్లు మందిరం లేని కాలంలో ఆ పాకలోనే చాపలు పరుచుకుని ప్రార్థించుకున్నారు. మా సంఘం పుట్టిల్లు అదే. ఇప్పుడు కొత్త లైను కోసం పాకలు తీసేస్తామని రైల్వేవాళ్లు చెప్పారు. ప్రతి పాక మీదా ఒక ఎర్రజెండా కట్టించి, "మాసీ, ఇది ఉన్నంతకాలం ఎవడూ చెయ్యి వెయ్యడు," అని బెంగాలీ పార్టీ దాదా ఒకడు అత్తకి ధైర్యం చెప్పి వెళ్లాడు. అత్త తలుపు మీద సుద్దతో సిలువ కూడా గీసుకుంది.

"ఇదేటత్తా, రెండూనా?" అంటే, "పైనోడు నమ్మకస్తుడే గానీ ఆలీసంగా వస్తాడురా. అందాకా ఈ జెండావోడుంటాడు," అని నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, నా చెయ్యి పట్టుకుంది. "ఇల్లెలాగూ పీకెస్తారు. ఫొటోలోనైనా ఉండాల. ఈ సంగం ఎక్కడ పుట్టినాదో పిల్లలకి తెలియాల. మాటియ్యి."

మాట ఇచ్చాను.

మా రైల్వే క్వార్టర్సు మేడ మీద స్టాండు నిలబెట్టాను. చేతిరుమాలు ఊపేదాకా ఎవరూ కదలొద్దని ముందే అందరికీ చెప్పాను. అత్త తన గుమ్మంలో, తెల్లచీర కట్టుకుని, తన మేకని పక్కన పెట్టుకుని నిలబడింది. సంఘమంతా మందిరం ముందు బారు తీరింది. పాకల వైపు నుంచి మొదలుపెట్టాను. కాలవ దాకా వచ్చేసరికి గూడ్సు బండి ఒకటి అడ్డంగా వచ్చింది. అది పోయేదాకా ఆగి, మళ్లీ అందుకుని కుడి చివరిదాకా ముగించాను.

కంప్యూటర్లో అతికాక చూసుకుంటే ఫొటోలో ఇద్దరు అత్తలు! ఒకామె పాక గుమ్మంలో ఉంది. ఇంకొకామె మందిరం మెట్ల దగ్గర, ఆడవాళ్ల వరస చివర, రొప్పుతూ నిలబడింది. అతుకు దగ్గర పడిన మేకకి మూడు కాళ్లే ఉన్నాయి.

"కదలొద్దన్నాను కదత్తా!"

"నన్ను దాటీసినాకే కదిలినాను కదరా. ఇంటికాడా ఉండాల, సంగంలోనూ ఉండాల. రైలు అడ్డమొస్తే ఎనకాల దారంట పరిగెట్టుకొచ్చీసినాను. ఏటి, తప్పా?"

నాకు నవ్వొచ్చింది. ఇంత నిజమైన ఫొటో నేను అంతవరకు తీయలేదనిపించింది.

సంఘ పెద్ద నవ్వలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.

"ఒకే మనిషి ఒకే సమయంలో రెండు చోట్లా? ఇది అబద్ధ సాక్ష్యం బ్రదర్. మందిరంలో పెట్టదగింది కాదు. పైగా మూడు కాళ్ల మేక."

"మేకకి కాలు తెచ్చిపెడతానండి. అత్తని కూడా ఒకచోట చెరపొచ్చు."

"ఉన్న మనిషిని చెరపడం ఇంకా మోసం. ఎడమవైపు కోసెయ్యండి. అది మోసం కాదు. ఏ ఫొటోకైనా ఎక్కడో ఒకచోట అంచు ఉండాలి కదా."

"సంఘం మొదలైన ఇల్లండి అది."

ఆయన గొంతు తగ్గించారు. "ఆ జెండాలు చూశారా? రేపు రాజ్యం మారితే మనల్ని ఎవరనుకుంటారు? పరిశుద్ధ స్థలం ఫొటోలో ఈ పాకల బస్తీ ఎందుకు?"

పాస్టరుగారి వైపు చూశాను. పెద్దలు ప్రార్థించి తీసుకున్న నిర్ణయమన్నారాయన. ఆ ప్రార్థన ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. కోయనన్నాను. వాళ్లు కాపీ తీసుకుని, ప్రింటింగ్ షాపులో కోయించారు.

జూబిలీ ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు అత్త ఫొటో దగ్గరికి వెళ్లింది. మెట్ల దగ్గరున్న తనని వేలితో తాకి ముచ్చటపడింది. అక్కడి నుంచి వేలు ఎడమకి జరుపుకుంటూ పోయింది. మందిరం గోడ, వేపచెట్టు, కాలవ గట్టు దాటింది. వేలు చట్రం దాటి గోడ మీదికి వచ్చేసింది. సున్నం అంటిన వేలు ఎత్తి చూసుకుంది.

"ఏటి బాబూ, మా ఇల్లు గోడలోకెల్లిపోనాదా?"

ముందు కుర్చీలో కూర్చున్న సంఘ పెద్ద వైపు చూశాను. చెప్పకుండానే ఆమెకి అర్థమైంది.

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. మా సంఘంలో ఎవరు సాక్ష్యం చెప్పడానికి లేచినా ఆపకూడదు. "దేవుడికి స్తోత్రం. మనందరికీ పైన ఇల్లు కడతన్నాడంట. నాకు నమ్మకమే. ఒకటే మనవి. అక్కడ ఫొటో దిగినప్పుడు మాత్రం కత్తెర ఈ పెద్దాయనికియ్యకు తండ్రీ." వెనక చాపల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ముందు కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

వానలు పడకముందే పాకలు పీకేశారు. జెండా కట్టించిన దాదా ఆ రోజు కనిపించలేదు. కాలవకి ఇవతల మందిరం తలుపులు వేసే ఉన్నాయి. సంఘం నుంచి నలుగురు వచ్చి నిలబడినా ఆగేది కాదని నాకు తెలుసు. అయినా నలుగురు వస్తారనే ఎదురుచూశాను. సామాన్లు మోసింది అత్తా, నేనూ, మా ఆవిడానే. మేకని అక్కడే అమ్మేశాం.

మా క్వార్టర్సులో ఆమెకి వంటింటి పక్కన మంచం వేశాం. కోయని ఫొటో మొత్తం ప్రింటు తీయించి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత చూస్తే మంచం పక్కన గోడకి చిన్నదై వేలాడుతోంది. పాక, గుమ్మంలో ఆమె, మూడు కాళ్ల మేక, జెండా. అంతే.

"మందిరం ఏదత్తా? కోసేశావా?"

"ఛీ, నాను కొయ్యనురా," అంది. "మడతెట్టినాను. ఎనకాతలే ఉంది. ఆళ్లు ఈపక్కకి రావాలనుకుంటే ఇప్పుకోవచ్చు."

ఆమె పోయేదాకా ఆ మడత ఎవరూ విప్పలేదు.