ముంజేతి మీద గజం దెబ్బ

ధరల మీదే కాదు, డాక్టరు చెప్పిన విశ్రాంతి రోజుల మీద కూడా బేరమాడి నెగ్గినవాణ్ణి నేను. ఆయన పద్నాలుగన్నాడు, పదికి దించాను. తీరా ఐదో రోజే శంషాబాద్‌లోని మా బట్టల దుకాణం తెరిచాను. ఇంత గొప్ప బేరం నా జన్మలో చెయ్యలేదు.

దయ్యాల సంగతంటారా, కొలిచి చూపించలేని సరుకు మా ఇంట్లో ఎవరూ కొనలేదు, నేనూ కొనలేదు. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

తానులు దించుతూ స్టూలు మీంచి పడి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు ఓపికగా కాగితం మీద గీసి చూపించాడు.

"మోచేతి కొన దగ్గర చర్మం పల్చగా ఉంటుందండీ, కింద కండ ఉండదు. అందుకే కోత కొన మీదుగా తియ్యకుండా పక్కకు వంచాం. ప్లేటు కూడా పల్చటిదే వేశాం. లోపల రక్తం నిలవకుండా రెండు రోజులు సన్న గొట్టం పెట్టాం. మిగతాది మీ వంతు. చెయ్యి ముడవకండి, మోచెయ్యి దేనిమీదా ఆనించకండి. కుట్టు విచ్చిందంటే లోపలికి చీము పడుతుంది, మళ్ళీ మొదటికి రావాలి."

నాకు వెంటనే అర్థమైంది. రాపిడి పడే చోట కుట్టు రాకూడదని మా బాపు, అంటే మా నాన్న, దర్జీలకు చెప్పేవాడు. అర్థమై ఏం లాభం? చొక్కా పట్టడం లేదని మోచేతికి ఒక పక్కే వేసిన సిమెంటు కట్టు నేనే విప్పేశాను.

దుకాణం తెరిచిన ఆ రోజు మధ్యాహ్నం మామిడిపల్లి నుంచి ఒకావిడ పెళ్ళి బట్టలకు వచ్చింది.

"గింత రేటా? జర సూసి చెప్పన్నా."

"నువ్వని చెప్పిన అక్కా. ఇంకొకరికైతే గీ రేటుకు ఇయ్య."

బేరం వేడెక్కింది. అలవాటు కొద్దీ గల్లాపెట్టె మీద మోచెయ్యి ఆనించాను. ముంజేతి మీద ఠక్కున దెబ్బ పడింది. చెయ్యి దానంతటదే లేచింది. నరం గుంజిందనుకున్నాను. కాసేపటికి మళ్ళీ ఆనించాను. మళ్ళీ ఠక్.

"ఎవరు కొట్టిండ్రన్నా?" అంటూ ఆమె నా వెనక్కి చూసింది. వెనక గోడ.

లోపల చీరకు ఫాల్ కుడుతున్న నా భార్య కేకేసింది. "ఏందయ్యా, గజం కింద పడ్డదా?"

ఇప్పుడు దుకాణంలో టేపే తప్ప గజం లేదు. గల్లా మీద మోచెయ్యి పెడితే బేరం సాగక కూర్చుంటదని, చిన్నప్పుడు బాపు గుడ్డ కొలిచే ఇనుప గజంతో సరిగ్గా అక్కడే కొట్టేవాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. ఆ గజాన్ని పాత సామాన్లవాడికి తూకానికి అమ్మింది నేనే, అదీ గీచి గీచి బేరమాడి.

సాయంత్రం భయపడి దవాఖానకు పోయాను. గాయం మీద మిగిలిన గుడ్డ కట్టు విప్పబోతూ డాక్టరు ఆగాడు.

"ఈ గీతలెవరు గీశారండీ?"

ముంజేతి మీద, దెబ్బలు పడ్డ చోటే, నీలం సుద్ద గీతలు రెండు, పక్కపక్కనే, తిన్నగా. మా దుకాణంలో నీలం సుద్ద వాడింది బాపు ఒక్కడే.

కట్టు విప్పి చూస్తే కుట్టు అంచు తెల్లబారి ఉంది. ఇంకో గంట ఆనించి ఉంటే విచ్చేదన్నాడు. ఎన్ని రోజులంటే అన్ని రోజులు ఉంటానన్నాను. బేరమాడలేదు.

ఇక లెక్క. మిగిలింది ఒక పూట గిరాకీ. ఆవిడ కూడా కొనకుండానే పోయింది. దుకాణం మూసి నష్టపోయింది మూడు వారాలు. చెయ్యి పూర్తిగా చాపబోతే ఇప్పటికీ రెండు వేళ్ళ తేడా. కుట్టు మాత్రం విచ్చలేదు. అందులో సగం డాక్టరు పేరున రాశాను. మిగతా సగం ఎవరి పేరున రాయాలో ఇప్పటికీ తెలియడం లేదు.