ఒక్క హుక్కు

దిల్‌సుఖ్‌నగర్‌లో నేను జాకెట్లు కుట్టించుకునే టైలరింగ్ షాపు ఓనరమ్మ, ముందే ఫోన్ చేసి వెళ్లినా సరే, జాకెట్టు వెంటనే చేతికిచ్చేది కాదు. “ఒక్క హుక్కే మిగిలిందక్కా, జర కూసో” అని, అది కుట్టేలోపు అరగంట కబుర్లు చెప్పేది. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మెట్లెక్కుతూ అద్దాల తలుపులోంచి చూసి అక్కడే నిలబడిపోయాను. నా జాకెట్టుకు కుట్టి ఉన్న హుక్కును ఆమె బ్లేడుతో ఊడదీస్తోంది.

నన్ను చూసి కూడా దాచలేదు. లోపలి గదిలో ఆమె దగ్గర పనిచేసేవాళ్లు ఏవో కబుర్లు చెప్పుకుంటూ నవ్వుకుంటున్నారు.

“నేను లోపలికి పోతే అందరు సప్పుడు జెయ్యకుంట కూసుంటరక్కా. ఓనర్‌ను గద. ఎవరితోని మాట్లాడాలె?” అంది.

ఇంటికొచ్చి బీరువాలోని జాకెట్లన్నీ తీసి చూశాను. ప్రతి దాంట్లో ఒక హుక్కు కింద, ఊడదీసి మళ్లీ కుట్టిన సూది గుర్తులున్నాయి.