బీప్ నొక్కిన వేలు

ఆ రోజుల్లో లోకంలోని చెడ్డమాటలన్నీ నా కుడిచేతి చూపుడువేలు దగ్గరికి వచ్చి ఆగిపోతాయని నాకు గట్టి నమ్మకం. ఆ రోజులంటే మరీ పాతకాలమేం కాదు. చేతుల్లో ఇవే ఫోన్లు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఇదే ట్రాఫిక్. మారిందల్లా నేనే. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. సినిమాలకి మాటలు రాసేస్తానని గోదావరి పక్కనుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని, ఫిల్మ్‌నగర్ ఆఫీసులన్నీ ఏడాది పాటు తిరిగి, చివరికి ఒక స్టూడియోలో ఉద్యోగం సంపాదించాను. మాటలు రాయడం కాదు, మాటలు మూయడం. ఆ స్టూడియో నుంచి కబడ్డీ లీగ్ పోటీలు తెలుగులో ప్రసారమయ్యేవి. ప్రత్యక్ష ప్రసారం అని పేరే గానీ, నిజానికి ఏడు సెకన్లు ఆలస్యంగా వెళ్ళేది. మ్యాట్ చుట్టూ పెట్టిన మైకుల్లో ఆటగాళ్ళ నోటి వెంట ఏదైనా రాకూడని మాట వస్తే, ఆ ఏడు సెకన్లలోపు నేను హెడ్‌ఫోన్లో విని, ఎర్ర బటన్ నొక్కి, ఆ మాట మీద 'బీప్' పడేట్టు చూడాలి. ఇంటికి ఫోన్ చేసి "సౌండ్ డిపార్ట్‌మెంట్‌లో చేరాను నాన్నా" అన్నాను. "నీ గొంతు బావుంటుందని నేను చిన్నప్పుడే చెప్పలేదూ!" అని ఆయన మా వీధంతా చెప్పుకున్నారు. (నా గొంతుతో ఆ ఉద్యోగానికి ఏ సంబంధమూ లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.)

మా పై అధికారిని అందరం వెనకాల రూల్స్ సార్ అనేవాళ్ళం. ఆయన దగ్గర రూల్స్ పుస్తకం ఒకటుండేది. ఏ మాట ఒకటో రకం నేరం, ఏది రెండో రకం, ఏది చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు, అన్నీ అందులో ఉండేవి. "జీరో టాలరెన్స్ అమ్మా. మన ప్రోగ్రామ్ ఫ్యామిలీలు చూస్తాయి" అనేవారు. మా ఇంట్లో 'వెధవ' అన్నా మా అమ్మ గుడ్లురిమేది. అలాంటి నేను, పరీక్షకి చదివినట్టు, తెలుగు తిట్లన్నీ ఒక నోటు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసుకుని, పక్కన ఒకటో రకం, రెండో రకం అని ఎర్ర సిరాతో గుర్తులు పెట్టుకున్నాను. ఒక ఆదివారం ఆ పుస్తకం మా ఇంటి ఓనరాంటీ కంటబడింది. ఆవిడ పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకున్నది అన్నీ ఆ పక్కనే యూసుఫ్‌గూడలోనే. రెండు పేజీలు చదివి, కళ్ళజోడు మీంచి నన్ను చూసి, "గిదేంది బిడ్డా? సదువుకున్న పిల్లవు, పొద్దుగాల లేసి గివి రాసుకుంట కూసున్నవ్?" అంది. ఉద్యోగం సంగతంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "గింతేనా? జర పెన్నియ్యి" అని, వీధి నల్లా దగ్గర నీళ్ళ తగాదాల్లో నలభై ఏళ్ళుగా విన్నవన్నీ కలిపి ఇంకో పేజీన్నర రాసింది. రూల్స్ సార్ పుస్తకంలో కూడా లేనివి!

నవ్వుకుంటున్నాను గానీ, ఆ ఉద్యోగం మీద నాకు నిజంగానే గౌరవం ఉండేది. ఒక కోచ్ తన కుర్రాణ్ణే ఒంటి రంగు పెట్టి పిలిచినప్పుడు నేను నొక్కిన బీప్‌కి, ఆ కుర్రాడు తర్వాత ఎవరితోనో "ఆ మాట మా ఇంట్లోవాళ్ళు వినకుండా చేశారు, వాళ్ళకి థాంక్స్ చెప్పండి" అని కబురు పంపాడు. ఆ రోజు నేను రెండంగుళాలు పొడుగు పెరిగాను. ఆటలో వేడి ఉండాలి గానీ, మనిషిని కులం పెట్టీ రంగు పెట్టీ కన్నతల్లిని పెట్టీ కించపరచకూడదని ఇప్పటికీ అంటాను. అప్పటి నా ఇబ్బందల్లా, నా చెవి తప్పు వినదని కూడా అనుకోవడమే.

ఆ సీజన్లో కూతకెళ్ళే రైడర్ ఒకడు ఉండేవాడు. షేక్‌పేట కుర్రాడు. సరిగ్గా వెళ్ళి సరిగ్గా తిరిగొస్తాడని అందరూ మెట్రో అనేవాళ్ళు. అవతలి జట్టులో మా గోదావరి జిల్లా కుర్రాడు ఒకడు, చీలమండ పట్టాడంటే వదలడు కాబట్టి వాడి పేరు తాళం. ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో తాళం మెట్రో కాలు పట్టాడు. మిగతా ఆరుగురూ వచ్చి మీద పడ్డారు. స్టేడియం హోరెత్తిపోయింది. ఆ గుట్ట అడుగునుంచి నా హెడ్‌ఫోన్లో మెట్రో గొంతు వినిపించింది: "నీ తల్లి..." అంతే. నా వేలు దిగిపోయింది. 'నీ తల్లి' అని మొదలైన ఏ మాటా ఆ నోటు పుస్తకంలో మంచిగా ముగియలేదు మరి! తెలుగు రాష్ట్రాల్లో టీవీలు చూస్తున్న వాళ్ళందరికీ "నీ తల్లి... బీ...ప్... పట్టినవ్‌రా తమ్మీ!" అని వినపడింది. నొక్కిన ప్రతి బీప్‌కీ కారణం రాసే రికార్డు పుస్తకంలో 'ఒకటో రకం, తల్లిపై దూషణ, నిర్ధారణ' అని రాసి, కింద గీత కూడా గీశాను.

మర్నాటికి అదే గోల. సాయంత్రం ఏ ఛానెల్ పెట్టినా నాలుగు కిటికీల్లో నలుగురు పెద్దమనుషులు, కింద 'ఆటా? బూతా?' అన్న ఎర్రక్షరాలు. ఆ బీప్ కింద ఏ మాట ఉందో ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకున్నారు. వాళ్ళు ఊహించినవి విని ఓనరాంటీ కూడా చెవులు మూసుకుంది. తాళం ఇంటికి మైకులు పట్టుకెళ్ళి, వాళ్ళమ్మని "మిమ్మల్ని అంత మాటన్నాడు కదా, ఎలా అనిపిస్తోంది?" అని అడిగారు. అసలా మాటేంటో తెలియని ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లీగ్ వాళ్ళు మెట్రోని ఆపేశారు. మూడు రోజుల్లో విచారణ, తప్పు రుజువైతే ఫైనల్ లేదు, పై సీజన్ కూడా లేదు. ఇదంతా నా వేలు చేసిన పనే కదా అని నేను లోలోపల గర్వపడుతున్నాను. (సిగ్గుపడుతూనే ఈ వాక్యం రాస్తున్నాను.)

విచారణకి ముందురోజు పొద్దున పులిహోర కలిపి ఓనరాంటీకి గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి, "నీ తల్లి కడుపు సల్లగుండ, ఏం కలిపినవ్ బిడ్డా!" అంది.

గరిటె కింద పెట్టేశాను. "ఆంటీ, ఇప్పుడేమన్నారు?"

"మంచిగున్నదన్న."

"అది కాదు, దానికి ముందు."

"నీ తల్లి కడుపు సల్లగుండ అన్న. ఏం, తప్పా? గిసొంటి బిడ్డను కన్నందుకు మీ యమ్మ మంచిగుండాలె అని. మీ దిక్కు అనరా?"

అంటారు. మా వైపూ అంటారు, ఇంచుమించు అదే మాట. పూర్తిగా విని ఉంటే నాకూ తెలిసేది. నాకిచ్చింది ఏడు సెకన్లు. నేను రెండు కూడా వాడుకోలేదు. చెప్పులు సరిగా వేసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా స్టూడియోకి పరిగెత్తాను. బీప్ లేని అసలు శబ్దం పెట్టి, హెడ్‌ఫోన్ రెండు చేతులా చెవులకి అదుముకుని విన్నాను. హోరు వెనకాల, ఆరుగురి బరువు కింద నలిగిపోతూ, ఆ కుర్రాడి గొంతు: "నీ తల్లి కడుపు సల్లగుండ, ఏం పట్టు పట్టినవ్‌రా తమ్మీ!" ఓడిపోయిన క్షణంలో, తనని పడగొట్టినవాణ్ణి కన్నతల్లికి దీవెన పెట్టాడు. దాన్ని నేను బూతు చేశాను.

రూల్స్ సార్‌కి వినిపించాను. ఆయన రెండుసార్లు విని, హెడ్‌ఫోన్ మెల్లగా తీసి, "చూడమ్మా, బీప్ అంటే మన ఛానెల్ ఇచ్చిన మాట. మనమే వెనక్కి తీసుకుంటే రేపు ఏ బీప్‌నీ ఎవరూ నమ్మరు. అయినా ఈ హోరులో క్లియర్‌గా లేదు. రేపు నువ్వు క్లిప్ ప్లే చెయ్యి, అంతే. నోరు మాత్రం ఓపెన్ చెయ్యకు" అన్నారు. సరే సార్ అన్నాను. నిజంగానే నోరు తెరవకూడదనుకున్నాను కూడా. ఆ ఉద్యోగం పోతే మళ్ళీ ఫిల్మ్‌నగర్ మెట్లన్నీ ఎక్కాలి.

జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్ హాల్లో విచారణ. అధ్యక్షుడు రిటైరైన జడ్జిగారు. ఆయనకి అటు మీసాల పాత ఆటగాడు, ఇటు ఆటల్లో ప్రవర్తన గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసరమ్మ. "ఆటన్నాక ఓ మాట జారుతుందండీ, మా రోజుల్లో తిట్టుకోకుండా కూతకెళ్ళామా?" అని ఆయన. "మీరు మ్యాట్ మీద కొట్టుకోండి, ఇంట్లో కూర్చున్న ఆ తల్లి ఏం పాపం చేసింది?" అని ఆవిడ. నాకు ఆవిడ మాటే న్యాయంగా తోచింది. అందువల్లే నేను చేసింది ఇంకా పెద్ద తప్పుగా కనిపించింది. తాళాన్ని అడిగితే "నాకేం వినపడలేదండీ, నా చెవి మీద ఇద్దరు పడుకున్నారు" అన్నాడు. మెట్రోని అడిగితే ఇంకా ఘోరం. తలొంచుకుని, "ఏమన్ననో నాకే యాదికి లేదు సార్. బీప్ పడ్డదంటే ఏదో అనే ఉంట. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు. నా బీప్‌ని వాడు కూడా నమ్మేశాడు! స్టూడియో నుంచి తెచ్చిన మిషన్లో (ఎర్ర బటనూ, ఏడు సెకన్ల ఆలస్యమూ దాంట్లోనే) బీప్ లేని క్లిప్ పెట్టాను. ఆ పెద్ద హాల్లో హోరు తప్ప ఇంకేం తెలియలేదు. జడ్జిగారు నా రికార్డు పుస్తకం తీసి "నిర్ధారణ అని స్పష్టంగా రాశారు" అంటూ, కింద గీత కూడా అందరికీ చూపించారు.

"అది తప్పు సార్" అన్న మాట వినపడింది. అన్నది నేనేనని, రూల్స్ సార్ నా చున్నీ అంచు పట్టి కిందికి లాగినప్పుడు తెలిసింది. "ఆ బీప్ నేనే నొక్కాను. పూర్తిగా వినకుండా నొక్కాను. అతను తిట్టలేదు సార్."

"మేమూ టీవీలో విన్నాం కదమ్మా, తిట్టులాగే ఉంది" అన్నారు మీసాలాయన. ఇంక నాకు భయపడ్డానికి కూడా టైం లేదు. "సార్, బీప్ పడితే ఏ మాటైనా తిట్టులాగే ఉంటుంది. జడ్జిగారూ, పొద్దున ఏం తిన్నారో ఈ మైకులో చెప్తారా?" అన్నాను. ఆయన ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, "పొద్దున మా ఆవిడ చేతి పెసరట్లు రెండు తిన్నాను" అన్నారు. నేను బటన్ నొక్కాను. ఏడు సెకన్లు. అందరూ స్పీకర్ వంక చూశారు. అప్పుడు స్పీకర్లోంచి జడ్జిగారి గంభీరమైన గొంతు: "పొద్దున మా ఆవిడ చేతి... బీ...ప్... రెండు తిన్నాను."

ముందు ప్రొఫెసరమ్మ నవ్వింది. తర్వాత మీసాలాయన బల్ల మీద గుద్ది గుద్ది నవ్వారు. చెంప తడుముకుంటూ జడ్జిగారు కూడా నవ్వి, "ఈ టేపు మా ఇంటికి చేరకూడదు" అన్నారు. ఆ నవ్వుల మధ్యే నేను హెడ్‌ఫోన్ తీసుకెళ్ళి, వెనక వరసలో ముడుచుకుని కూర్చున్న తాళం వాళ్ళమ్మ చెవులకి పెట్టాను. "అమ్మా, అన్నది మిమ్మల్నే. మీరే వినండి" అని అసలు శబ్దం పెట్టాను. ఆవిడ మొహం ముందు బిగుసుకుంది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. హెడ్‌ఫోన్ తీసేసి లేచి నిలబడి, "ఇదేం తిట్టండీ? నా కడుపు చల్లగుండాలన్నాడు గదా పిల్లాడు!" అంది. నేరుగా మెట్రో దగ్గరికి నడిచింది. "ఎవరు నేర్పార్రా నాన్నా నీకీ మాట?"

"మా నాయనమ్మ అంటదమ్మా. నన్ను ఆమెనే సాకింది."

ఆవిడ వాడి తల నిమిరి, వెనక్కి తిరిగి, "మరి దీని మీద ఆ పాడు కూత పెట్టిందెవరు?" అని గట్టిగా అడిగింది. చెయ్యెత్తాను. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "చదువుకున్నదానివి, నిదానంగా వినాలి గదమ్మాయ్" అంది. ఆ హాల్లో నాకు పడిన శిక్ష అదొక్కటే.

పావుగంటలో తీర్పు వచ్చింది, మెట్రో నిర్దోషి. జడ్జిగారు ఇంకో వాక్యం కూడా చేర్చారు, ఇకమీదట ఎవరి మీద చర్య తీసుకోవాలన్నా బీప్ కాదు, అసలు మాట వినాలని. బయటికొస్తే మా ఆఫీసు వాళ్ళు, ఆటగాళ్ళు, హోటల్ వాళ్ళు కూడా చప్పట్లు. రూల్స్ సార్ నా పక్కన నిలబడి కెమెరాలతో "మా టీం నిజాయితీ అలాంటిది" అంటున్నారు. (నా చున్నీ అంచు ఇంకా నలిగే ఉంది.) మెట్రో ఫైనల్ ఆడాడు, వాళ్ళ జట్టే గెలిచింది. మర్నాడు స్వీట్ డబ్బాతో స్టూడియోకి వచ్చి, "అక్కా, తప్పు జేసినోళ్ళు మస్తుమంది ఉంటరు, లేసి చెప్పినోళ్ళను నిన్నే జూసిన" అన్నాడు. ఆ రోజు చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ దాకా నడిచే వెళ్ళాను. ఆటో దొరక్క కాదు, అంత సంతోషాన్ని ఆటోలో కుదించుకుని కూర్చోలేక.

ఇప్పుడు సీరియళ్ళకి మాటలు రాస్తున్నాను. నలుగురితో మీటింగుల్లో కూర్చుంటాను. ఎదురుగా తప్పు జరుగుతూ కనిపిస్తూనే ఉంటుంది. చెప్పాలా వద్దా, ఇప్పుడా తర్వాతా, మెయిల్ పెడితే మర్యాదగా ఉంటుందా అని నేను తేల్చుకునేలోపు టీలు అయిపోతాయి, అందరూ లేచిపోతారు. అలాంటి సాయంత్రాల్లో ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. దానికన్నీ తొందరే. తప్పు చెయ్యడానికీ తొందరే, ఒప్పుకోవడానికీ తొందరే. వయసుతో పాటు మొదటి తొందర తగ్గడం మంచిదే. రెండోది కూడా దాంతో పాటే ఎప్పుడు వెళ్ళిపోయిందో, నాకు చెప్పి పోలేదు.