షాహీన్ ఆపా చూపించిన చెవి

మా అమ్మాయి చెవికి రెండో పోగు కుట్టించుకున్నాక, పుండు మానిన చోట గట్టి గడ్డ లేచింది. మా ఛత్రినాకలో బోనాలు దగ్గరపడ్డాయి, ఆలోపే అది పోవాలనుకున్నాం.

"పులిపిరే. గుర్రపు వెంట్రుకతోని బిగిస్తే రాలిపోతది" అంది మా అత్తమ్మ. నేను పిల్ల తల పట్టుకున్నాను.

అప్పుడే వచ్చిన పక్కింటి షాహీన్ ఆపా, "అరే, ఆగుండ్రి!" అని అరిచి, ముసుగు జరిపింది. చెవికి రేగుపండంత గడ్డ! "నాది గూడ గింతే ఉండె. కోయిచ్చుకుంటె గిట్లయింది. డాక్టర్‌కు చూపియ్యమ్మా."

డాక్టర్ కెలాయిడ్ అన్నారు. కొందరికి గాయం మానినా మచ్చ పెరుగుతూనే ఉంటుందట; ఉత్తగా కోసినా, వెంట్రుకతో బిగించినా ఇంకా పెద్దదై రావచ్చట. ఇంజెక్షన్లతో మెల్లగా అణిగింది.

ఇన్నేళ్లు మాకూ చూపించని చెవిని, ఆపా ఆరోజు మా పిల్ల కోసం చూపించింది. తర్వాత ఆమెనూ అదే డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకెళ్లాను.