గార్ల పెండ్లికి పోతుంటే జీపు ఆగిన రోజు

మొన్న ఉదయం భూపాలపల్లిలో మా పక్కింటాయన కారు గేరు మార్చినా గుంజలేక మూలుగుతుంటే, పాత డ్రైవరును కదా అని నన్ను పిలిచారు. చొక్కా చేతులు మడుచుకొని హుషారుగా వెళ్లాను గానీ, నేను బానెట్ దగ్గరికి చేరేలోపే మెకానిక్ వచ్చి ఒక చిన్న మిషను తగిలించి, తెరమీద పడిన నెంబరు చూసి, ఏదో సెన్సారు పోయిందని తేల్చేశాడు. నన్నెవరూ ఏమీ అడగలేదు. మళ్లీ మా ఇంటికే వచ్చాను. బిడ్డ ఆఫీసుకు పోయాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో నేనూ, గోడ గడియారమూ తప్ప ఎవరూ ఉండరు. కూర్చుంటే నా పాత జీపు గుర్తొచ్చింది. హ్యాండిల్ కొట్టి బండ్లు లేపిన నా ఈడు వాళ్లు ఎవరైనా ఉంటే వినండి, మీకే చెబుతున్నాను.

అప్పుడు మేము జనగామలో ఉండేవాళ్లం. ఒక డీజిల్ జీపు, దాని వెనక తగిలించి లాగే బండి మీద ఒక జనరేటరు, అదే మా బతుకుదెరువు. పెండ్లిళ్లకు, జాతరలకు పోయి నేను జనరేటరు నడిపితే, మా ఆవిడ కొంగు నడుముకు దోపి నిచ్చెన ఎక్కి రంగు కరెంటు బుగ్గల దండలు కట్టేది. ఆ రోజుల్లో ఆడమనిషి నిచ్చెన ఎక్కితే ఊరంతా నిలబడి చూసేవారు. ఆమె మాత్రం కిందికి చూసేదే కాదు.

గార్ల దగ్గరి పల్లెలో ఆమె చెల్లెలి పెండ్లి కుదిరింది. మా అత్తగారు ముందే పోవడంతో ఆ పిల్లకు జడవేసి బడికి పంపి, తల్లిలా సాకింది మా ఆవిడే, కాబట్టి మేమిద్దరం పీటలమీద కూర్చొని అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేయాలని పెద్దలు నిర్ణయించారు. రెండు రోజుల ముందే రమ్మని మామగారు కబురంపితే ఆపింది నేనే. ముందురోజు ఇంకో పెండ్లి ఒప్పుకున్నాను, ఆమె లేకపోతే బుగ్గలు కట్టే దిక్కులేదు. తెల్లవారుతూనే బయలుదేరితే పదకొండు గంటల ముహూర్తానికి తాపీగా చేరతామని నా ధీమా.

తొర్రూరు దాటాక ఒక ఎత్తు దగ్గర జీపు ఉన్నట్టుండి చల్లబడింది. కాలు నేలకానేలా తొక్కినా వేగం పెరగదు. క్లచ్చి జారుతోందేమో అనుకుంటే ఇంజను మోత కూడా పెరగడం లేదు. గాలి చాలడం లేదేమోనని ఎయిర్ ఫిల్టరు విప్పి దులిపాను, ఫలితం లేదు. అసలు నల్లపొగే రానప్పుడు కొరత గాలిది కాదు, డీజిలుదే అయి ఉండాలి. డీజిలు ఫిల్టరు కడిగి, పైపులో గాలి తీసి, మళ్లీ బయలుదేరితే రెండు మైళ్లు పోయి మళ్లీ పడిపోయింది. ఇట్లా మూడు సార్లు. జనరేటరును రోడ్డు పక్క వదిలేసి పోదామన్నా, దానికి కాపలా ఎవరు? అప్పటికి ఎండ నెత్తికెక్కుతోంది, మా ఆవిడ మాటిమాటికీ ఆకాశం వంక చూస్తోంది.

నాలుగోసారి ఆగినప్పుడు ఆమెను సీట్లో కూర్చోబెట్టి రేసు ఇమ్మన్నాను. “ఆగినప్పుడల్లా జర తేరుకుంటున్నది, ఉరికిస్తే మళ్ల పడిపోతున్నది. దీనికి దమ్ము ఆడుతలేదు” అన్నది, స్టీరింగు పట్టుకొని.

ఆ మాటతో నాకు సంగతి తట్టింది. పొద్దున బంకులో డీజిలు పోయించుకున్నాక టాంకీ మూత బంపరు మీద పెట్టి మరచిపోయి బండి కదిలించాను. కొంత దూరం పోయాక మూత ఎక్కడో పడిపోయిందని చూసుకొని, ఆమె ఛాయ్ తాగుతుండగా, టాంకీ మూతికి పాలిథీన్ కవరు రెండు పొరలు వేసి సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాను, ఆమెకు చెప్పలేదు. డీజిలు తగ్గిన కొద్దీ లోపలికి గాలి పోవాలనీ, మూతకు సన్న రంధ్రం ఉండేది అందుకేననీ నాకు తెలియక కాదు. వెనక చక్రం దగ్గరికి పోయి చూస్తే కవరు లోపలికి కుంగిపోయి ఉంది. రబ్బరు వదులు చేయగానే బుస్సుమని గాలి దూరింది, ఇంజను దానంతట అదే పుంజుకుంది.

“ఏందో దొరికిందా?” అని ముందునుంచి కేకేసింది.

“డీజిల్ల కచరా” అన్నాను.

మేము చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. పీటలమీద చిన్నమామా, చిన్నత్తా కూర్చొని ఉన్నారు. మసి చేతులతో పందిట్లో నిలబడ్డ అక్కను చూసి పెండ్లికూతురు బావురుమంది. మా ఆవిడ మాత్రం ఏడవలేదు. “బండి ఆగింది బిడ్డా, ఏం జేద్దు” అని తల నిమిరి, చేతులు కడుక్కొని బరాతు ఊరేగింపు కోసం బుగ్గలు కట్టడానికి నిచ్చెన అడిగింది. నేను జనరేటరు చాటున నిలబడి ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత ఆమె ఆ బంకు ముందు మళ్లీ బండి ఆపనివ్వలేదు. “ఆ బంకోడు నా చెల్లె కన్యాదానం ఎత్తుకపోయిండు” అని నలుగురిలో ఎన్నిసార్లు చెప్పుకుందో! అన్నిసార్లూ నేను తలూపాను. నిరుడు దవాఖానలో ఆమె పక్కన కూర్చున్న రోజుల్లో రోజూ చెబుదామనే అనుకున్నాను. ఈ స్థితిలో బాధపెట్టడమెందుకని నాకు నేను నచ్చజెప్పుకున్నాను గానీ, నిజానికి నాది వట్టి పిరికితనం.

ఇప్పుడు మానుకోట మీదుగా గార్లకు రోడ్డు బాగుపడిందట, ఆ ఎత్తు తెలియనే తెలియదట. మా మరదలికైనా చెప్పవచ్చు కదా అని మీరనవచ్చు. చెప్పవలసింది ఆమెకు కాదు. నా మనిషికి చెబితే, ఆ బంకువాడిని ఇన్నేండ్లు నాచేత ఊరికే తిట్టించావా అని అగ్గి మీద గుగ్గిలమయ్యేది, నాలుగు రోజులు మాట బంద్ పెట్టేది, ఐదోనాడు ఛాయ్ గ్లాసు ఠక్కున ముందు పెట్టి, ఇంకా ఏమేం దాచినవో చెప్పమని కూర్చునేది. ఆ తిట్లు తప్పించుకున్నానని ఇన్నేండ్లు సంబరపడ్డాను. ఇప్పుడు చెబుదామంటే తిట్టే మనిషి లేదు.